పెద్దత్త ఇంట్లో పయనం సంచి

పెళ్లయిన యాభై రెండో రోజున నాకొక శత్రువు దొరికింది.

అంతకు ముందు యాభై ఒక్క రోజులు నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెబితే నవ్వుతారు. మా ఆయన అంజినప్ప హోసూరులో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని చేస్తాడు. సాయంత్రం బస్సు దిగి వచ్చేటప్పుడు చొక్కా కుడి జేబంతా నూనె మరకలు. ఎడమ జేబులో మాత్రం మూర కనకాంబరాలు. ఆ ఎడమ జేబుకి ఒక్క మరక కూడా అంటకుండా ఎలా కాపాడేవాడో నాకు ఇప్పటికీ తెలియదు. నలుగురిలో ఆయన్ని "మీరు" అనేదాన్ని. గదిలోకి వస్తే "నువ్వు". ఆ మీరు నుంచి నువ్వుకి మారే క్షణం కోసం పొద్దుటి నుంచీ ఎదురు చూసేదాన్ని.

నాకూ హోసూరులోనే ఉద్యోగం. పట్టుపురుగుల గుడ్లు తయారు చేసే ఒక చిన్న ప్రైవేటు కేంద్రం. గుడ్లు పెట్టిన ప్రతి తల్లి సీతాకోకనూ నలిపి, మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి. ఒక్క జబ్బు చుక్క కనిపించినా ఆ తల్లి పెట్టిన గుడ్లన్నీ కాల్చేయాలి. జాలి పడితే రైతు ఇంట్లో పంటంతా పోతుంది. బి.ఎస్సీ. చదివిన నాకు ఆ పనిలో మంచి పేరుంది. అందుకే మా యజమాని జపాన్‌లో మూడు నెలల శిక్షణకు నన్ను ఎంపిక చేశాడు. పెళ్లిచూపుల్లోనే చెప్పేశాను, పిలుపు వస్తే ఒంటరిగా వెళతానని. పెద్దవాళ్లు నోరెళ్లబెట్టారు. అంజినప్ప మాత్రం, "అయితే నాకొక కెమెరా తెస్తావా?" అన్నాడు. అక్కడికక్కడే ఒప్పుకున్నాను. పెళ్లికీ, కెమెరాకీ.

పెళ్లయ్యాక శూలగిరి దగ్గర అత్తవారి ఊరి చిరునామాతో పాసుపోర్టుకు దరఖాస్తు పెట్టాను. కృష్ణగిరిలో ఫోటో తీయించుకున్నాం. ఫోటోగ్రాఫరు "నవ్వకూడదమ్మా" అని మూడు సార్లు చెప్పినా నవ్వు ఆగలేదు. నాలుగోసారి మా ఆయన్ని బయట నిలబెట్టి తీశాడు.

ఏప్రిల్లో వెళ్లాలి. వెళ్లలేదు. మద్రాసు నుంచి పాసుపోర్టుకు బదులు ఒక ఉత్తరం వచ్చింది. విచారణలో దరఖాస్తుదారు ఆ చిరునామాలో నివసించడం లేదని తేలిందట. నా బదులు బెంగళూరు నుంచి ఇంకో అమ్మాయి వెళ్లింది. జూన్ జట్టులో ఇంకొక్క ఖాళీ ఉందనీ, అదీ తప్పితే మళ్లీ నా పేరు రాయలేననీ యజమాని చెప్పాడు.

యాభై రెండో రోజు సాయంత్రం అంజినప్ప ఎడమ జేబులో పూలు లేకుండా వచ్చాడు. దారిలో విచారణకు వచ్చిన కానిస్టేబుల్ గుర్రప్పను టీకొట్టు దగ్గర పట్టుకుని అడిగాడట.

"ఏం చెప్పినాడు?" అన్నాను.

"మన ఇంటికే వస్తా ఉంటే మొదటింటి ముందర పెద్దమ్మ నిలేసిందంట. 'ఆ పిల్ల ఈడ లేదప్పా, మొగుణ్ణి ఇడిసిపెట్టి పుట్టింటికి పాయ. మళ్లీ వచ్చేది లే' అని చెప్పిందంట. ఇంటిపెద్ద చెప్తే నేనేం రాసుకునేదప్పా అంటాడు గుర్రప్ప."

పెద్దమ్మ అంటే సుబ్బక్క. మా మామగారి అన్న భార్య, నాకు పెద్దత్త. మామగారు, ఆయన అన్న ఇద్దరూ పోయాక మా రెండిళ్లకూ, దాదాపు ఊరికీ ఆమే పెద్ద.

"ఏంటికట్ల చెప్పింది?"

"ఏంటికా? నిన్ను పంపించే ముందర ఆమెని ఒక మాట అడగలే కదా మనం. ఆమె చెయ్యి తగలకుండా ఈ ఊర్లో ఎవురూ గడప దాటరు." అంజినప్ప చొక్కా చేతులు మడిచాడు. "ఇప్పుడే పోయి నాలుగు మాటలు అడిగేసి వస్తా."

నేను అడ్డం నిలబడ్డాను. నాకు అరుపులు వద్దు. అరిస్తే ఆమె ఏడుస్తుంది. ఏడిస్తే ఊరంతా ఆమె వైపు. అప్పుడు నా లోపల ఒక చల్లటి ఆనందం కదిలింది. పూలు తెచ్చినప్పటి ఆనందం లాంటిదే, కానీ కొంచెం పదునుగా ఉంది.

"నువ్వేం అడగొద్దు. ఆమె చేతుల్తోనే నన్ను పంపిస్తాది, చూస్తా ఉండు" అన్నాను.

ఎలాగో అప్పటికి నాకూ తెలియదు. దారి చూపించింది మా అత్తగారు ఆదిలక్ష్మమ్మ. అత్తగారు గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు. ఆ రాత్రి సంగటి ముద్దలు చేస్తూ, ముద్దను చూస్తూనే చెప్పింది.

"నాకు పెళ్లయిన ఏడు సామల్పట్టిలో మా అమ్మకి శానా జబ్బు చేసింది. పోతానంటే సుబ్బక్క పయనం సంచి పెట్టుకోనని చెప్పింది. దినం మంచిది కాదంట. రెండు దినాలు ఆపేసింది. నేను పోయేసరికి మట్టి చేసేసినారు. మా అమ్మ మొగం చూళ్లా."

ముద్ద పళ్లెంలో పడింది. ఆమె ఇంకో ముద్దకు చేయి తడుపుకుంది. ముప్పై ఏళ్లుగా ఇంకేమీ అనలేదు.

పయనం సంచి గురించి చెప్పాలి. మంచి ముహూర్తం ఒక రోజూ ప్రయాణం ఇంకో రోజూ పడితే, ముహూర్తానికి మన సంచి ఒకటి ఇంకొకరి ఇంట్లో పెట్టి రావడం మా వైపు అలవాటు. పయనం మొదలైపోయినట్టే లెక్క. బయలుదేరే నాడు ఆ ఇంటామె సంచి చేతికిచ్చి సాగనంపుతుంది. ఆ ఇంటామె చేయి మంచిదైతే పోయిన పని అవుతుంది. మా ఊళ్లో ఆ చేయి సుబ్బక్కది. ఆమెకు నగల కన్నా, పొలం కన్నా ఆ పేరంటేనే మక్కువ. నేను కాపురానికి వచ్చిన వారంలోనే నన్ను కూర్చోబెట్టి గొప్పగా చెప్పింది:

"నా చేతి మీద పోయినోళ్లు ఒకరు కూడా ఉత్త చేతుల్తో రాలే. సోమప్ప ఇంకొకరి ఇంట్లో సంచి పెట్టి బొంబాయికి పాయ, బెంగళూరు దాటకముందే కాలిరిగె! ఊరికే కాదమ్మే, దానికి కట్టుబాట్లు ఉండాయి. సంచి ఉన్నన్ని దినాలు ఇంటికి బీగం యెయ్యకూడదు. ఇంటామె ఇంకో ఊర్లో పడుకోకూడదు. సంచి పోయినంక కూడా అంతే, క్షేమంగా చేరినామని ఆ ఇంటికే జాబు రావాల. పయనం సగంలో చెడితే ఆ చెయ్యి ఇంక చెయ్యే కాదు."

ఆ మాటలన్నీ ఆ రాత్రి ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నాను. మైక్రోస్కోపు కింద పెట్టి చూసినట్టు చూశాను. ఒక లోపం కనిపించింది. మా ఊళ్లో సంచి పెట్టేవాళ్లు ఎల్లుండో, మహా అయితే నాలుగో నాడో బయలుదేరతారు. అందుకని సంచి తీసుకునేటప్పుడు ఎన్ని రోజులని ఎవరూ అడగరు.

పాసుపోర్టుకు మళ్లీ అర్జీ పంపాను. తర్వాత మే నెలలో ఒక శుక్రవారం, కొళాయి దగ్గర ఆడవాళ్లందరూ బిందెలతో నిలబడి ఉన్న వేళ చూసి, పసుపు సంచి పట్టుకుని పెద్దత్త వాకిట్లోకి వెళ్లాను. అది మా పెళ్లిలో బంధువులకు పంచిన సంచి. దాని మీద ఎర్ర అక్షరాలతో మా ఇద్దరి పేర్లూ అచ్చు వేసి ఉన్నాయి. ఆ సంచి చూస్తే ఇప్పటికీ నా బుగ్గలు వేడెక్కుతాయి. లోపల ఒక చీర, పిడికెడు బియ్యం, పసుపు కొమ్ము పెట్టాను. అడుగున ఆ మద్రాసు ఉత్తరం. సాగనంపే రోజున ఊరందరి ముందూ దాన్ని పైకి తీసి, తెలుగులో చదివి వినిపించి, ఎవరు చెప్పారో కూడా చెప్పి బస్సెక్కాలని నా పథకం.

"పెద్దత్తా, ఈ దినం పది గంటలకి ముహూర్తం బాగుండాదంట. నా పయనం సంచి మీరే పెట్టుకోవాల."

సుబ్బక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. "పాసుపోర్టు వచ్చిందామ్మే?"

"ఇంకా రాలేదు పెద్దత్తా. వస్తాది."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!" ఆమె పకపకా నవ్వింది. కొళాయి దగ్గర నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను. ఈ పిల్ల ఎలాగూ పోదు, సంచి పెట్టుకుంటే తన పెద్దరికం ఒప్పుకున్నట్టూ అవుతుంది, అనుకుని ఉంటుంది. అందరూ చూస్తుండగా రెండు చేతులా సంచి అందుకుని, పసుపు కుంకుమ పెట్టి, దేవుడి గూటి పక్కన మేకుకు తగిలించింది.

ఒక వారం ఆమె ఊరంతా చెప్పుకుంది, చదువుకున్న కోడలైనా చివరికి నా గడపకే వచ్చిందని. నేను తల వంచుకుని విన్నాను. వినడం ఎంత హాయిగా ఉందో!

రెండో వారం కల్లావి నుంచి కబురొచ్చింది. సుబ్బక్క కూతురు కెంచమ్మ అక్కడ మామిడి తోట ఉన్న ఇంటికి కోడలు. ఏటా మే నెలాఖరున సుబ్బక్క వెళ్లి జూలై దాకా అక్కడే ఉంటుంది. చెట్టు కింద మంచం వేయించుకుని, రాలిన పండు రాలినట్టే తింటుందట. ఏడాదంతా ఆ మంచం గురించే మాట్లాడుతుంది.

ఆ పొద్దున సుబ్బక్క మా వాకిట్లో నిలబడింది. పక్కింటి తిమ్మక్క మా అత్తగారితో కూర్చుని చేట పట్టుకుని రాగులు చెరుగుతోంది.

"ఏమ్మే కదిరమ్మా, నీ సంచి తీసుకోని పో. నేను కల్లావికి పోవాల."

"అయ్యో, ఎనక్కి తీసుకుంటే పయనం చెడినట్లే కదా పెద్దత్తా? మీ చేతి మీద పెట్టింది చెడితే..." అని ఆగిపోయాను.

తిమ్మక్క చేట ఆపింది. "ఇన్నేండ్లలో అట్ల జరగలేదే సుబ్బక్కా! సంచి ఎనక్కిస్తే రేపు ఎవురు నీ ఇంట్లో పెడతారు?"

"నేనేమన్నా ఇస్తానంటినా? ఊరికే అడిగితి!" సుబ్బక్క నా వైపు తిరిగింది. "ఎప్పుడు పోతావు మరి?"

"పాసుపోర్టు రావాల. పోలీసాయన వచ్చి నేను ఈడే ఉన్నానని రాసుకుంటే వచ్చేస్తాది. పోయిన తూరి ఎవురో ఏమో చెప్పేసినారంట. పాపం, ఎవురో ఏమో."

ఆమె ముఖంలో రంగు మారింది. నేను వెంటనే మజ్జిగ తెచ్చి ఇచ్చాను. తాగకుండా పోయింది. ఆ మజ్జిగ నేనే తాగాను. అంత రుచైన మజ్జిగ నేనెప్పుడూ తాగలేదు.

ఆ రోజు నుంచి సుబ్బక్క అరుగు మీద కాపలా మొదలైంది. ఖాకీ బట్టలు కనిపిస్తే లేచి నిలబడేది. ఒకసారి బస్సు కండక్టరును చూసి కూడా లేచింది. పది రోజులకు గుర్రప్ప సైకిలు మీద వచ్చాడు. ఆమె అరుగు దిగి సైకిలు హ్యాండిలు పట్టుకుని మా ఇంటి దాకా నడిపించుకొచ్చింది.

"ఇదో, ఈ పిల్లే! కదిరమ్మ! బాగా చూసుకో, ఈడే ఉండాది, ఎప్పుడూ ఈడే ఉండాది! రాసుకో!"

గుర్రప్ప టోపీ తీసి తల గోక్కున్నాడు. "పోయిన తూరి మీరే కదమ్మా లేదని చెప్పింది? మొగుణ్ణి ఇడిసిపెట్టిందని..."

"పోయిన తూరి లే. ఈ తూరి ఉండాది. ఇడిసిపెట్టిందీ లే, పాడూ లే. సాయంత్రమైతే వాడు పూలు తెస్తాడు, ఇది తల్లో పెట్టుకుంటాది, ఊరంతా చూస్తా ఉండాది. అదీ రాసుకో!"

"పూల సంగతి రాసేదానికి ఇందులో జాగా లేదమ్మా" అన్నాడు గుర్రప్ప.

నేను సంతకం పెట్టాను. కొత్త ఇంటి పేరు మొదటక్షరంతో ప్రభుత్వ కాగితం మీద పెట్టిన సంతకం. గుర్రప్ప వెళ్లాక తలుపు వేసుకుని, దిండులో ముఖం పెట్టుకుని నవ్వాను.

జూన్ మొదటి వారంలో పోస్ట్‌మన్ నరసింహప్ప పాసుపోర్టు తెచ్చాడు. ఫోటోలో నా పెదవులు బిగుసుకుని ఉన్నాయి కానీ కళ్లు నవ్వుతున్నాయి. పదకొండో తేదీన ప్రయాణం. కృష్ణగిరి దాకా ఆయన వస్తాడు. అక్కడ నుంచి మద్రాసు బస్సూ, తర్వాత విమానాలూ నేనొక్కదాన్నే.

ఆ పొద్దున పెద్దత్త వాకిట్లో నలభై మంది ఉన్నారు. సుబ్బక్క పట్టుచీర కట్టుకుంది. మేకు నుంచి పసుపు సంచి తీసి నా చేతిలో పెట్టింది. ఇప్పుడు తీయాలి ఉత్తరం. సంచిలో చేయి పెట్టాను. చీర, బియ్యం, పసుపు కొమ్ము ఉన్నాయి. అడుగున కాగితం లేదు. దాని చోట గుడ్డలో మూట కట్టిన ఉలవల పొడి తగిలింది.

సుబ్బక్క నా నుదుట కుంకుమ పెట్టే నెపంతో ముందుకు వంగింది. మా ఇద్దరికే వినబడేలా అంది:

"కాయితం కోసరమామ్మే? మూడో దినమే నరసింహప్పతో చదివించితి. ఆమీట పొయ్యిలో యేస్తి. సంచి మోసినామెకి లోపలేముండాదో చూసే హక్కు లేదా?"

మూడో నాడే తెలిసీ, కానిస్టేబుల్ ముందు నాకోసం అరిచింది.

"నీ మీద ప్రేమనుకోవద్దు. నా చెయ్యి చెడిపోకూడదు. పోయిరా. పొడి సంగటికే కాదు, అన్నంలోకి కూడా బాగుంటాది" అని బొటనవేలితో కుంకుమ గట్టిగా నొక్కింది.

గెలిచినట్టు వెనక్కి వాలి, అందరి వైపూ తిరిగి గొంతు పెంచింది. "సరే, మా కోడలు పోతా ఉండాది. ఈ సాయంత్రం బస్సుకి నేను కల్లావికి పోతా. మామిడి సగం అయిపాయ!"

అప్పుడు వెనక నుంచి ఒక సన్నటి గొంతు వినిపించింది.

"జాబు రావొద్దా అక్కా?"

అందరూ తిరిగి చూశారు. ఆదిలక్ష్మమ్మ. కొంగు చేతిలో నలుపుకుంటోంది కానీ చూపు దించలేదు.

"క్షేమంగా చేరినామని ఈ ఇంటికే జాబు వచ్చేదాకా బీగం యెయ్యకూడదు, ఇంకో ఊర్లో పడుకోకూడదు అని నువ్వే కదా అక్కా చెప్పినావు. ముప్పై ఏండ్లుగా చెప్తానే ఉండావు."

"అవును మరి, అది కట్టుబాటు" అంది తిమ్మక్క. నలుగురు తలలూపారు.

"నాలుగైదు దినాల్లో వస్తాది జాబు! బొంబాయికి పోయినోళ్లది నాలుగు దినాల్లో రాలేదా?" అంది సుబ్బక్క.

"జపాన్ నుంచి అక్కా" అంది మా అత్తగారు. ఆమె పెదవి కొన కొంచెం కదిలింది. పెళ్లయ్యాక నేను చూసిన ఆమె మొదటి నవ్వు అది.

నేను వంగి పెద్దత్త కాళ్లకు దండం పెట్టాను. "చేరగానే రాస్తాను పెద్దత్తా. మీ ఇంటికే."

కృష్ణగిరి బస్టాండులో అంజినప్ప నాకు కిటికీ పక్క సీటు పట్టి, ఒక మల్గోవా మామిడి పండు చేతిలో పెట్టాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నావీ అంతే. అయినా బస్సు కదిలాక ఆ పండు చీకుతూ, మోచేతుల దాకా రసం కారుతుంటే, సుబ్బక్క పట్టుచీరతో అరుగు మీద కూర్చుని ఉండటం తలుచుకుని గట్టిగా నవ్వాను. పక్క సీట్లో ముసలాయన తన సంచి దగ్గరకు లాక్కున్నాడు.

ఇదంతా ఇప్పుడు నగానో దగ్గర ఒక చిన్న ఊళ్లో, నా గదిలో కూర్చుని రాస్తున్నాను. జూలై పన్నెండు. ఇక్కడ మల్బరీ ఆకులు మా ఆకుల కన్నా పెద్దవి. నాకొక సైకిలు ఇచ్చారు, దానికి ముందు బుట్ట కూడా ఉంది. ఉలవల పొడి అయిపోవచ్చింది. పొడి మాత్రం చాలా బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కెమెరా కొనేశాను. మా ఆయనకు ఫ్యాక్టరీ చిరునామాకు వారానికి రెండు ఉత్తరాలు రాస్తున్నాను. నేను చేరానని ఊళ్లో అందరికీ తెలుసు, సుబ్బక్కకూ తెలుసు. కానీ ఆమె కట్టుబాటు ప్రకారం సంచి పెట్టిన ఇంటికి, ఆమె చేతికి, జాబు రావాలి.

ఆ జాబు దిగిన రోజే రాశాను. కొండ బొమ్మ ఉన్న కార్డు. "పెద్దత్త గారికి నమస్కారాలు. మీ చేతి చలవ వల్ల క్షేమంగా చేరాను." స్టాంపు కూడా అతికించాను. బల్ల మీద నిలబెట్టి ఉంది. రోజూ దాని మీద దుమ్ము తుడుస్తున్నాను.

నిన్న అంజినప్ప ఉత్తరం వచ్చింది. పెద్దమ్మ రోజూ నరసింహప్ప సైకిలు గంట వినిపిస్తే వాకిట్లోకి వస్తోందట. కెంచమ్మ కల్లావి నుంచి గంపెడు పండ్లు పంపితే, చెట్టు కింద తిన్నట్టు లేదని సగం పంచేసిందట. "పాపం అనిపిస్తా ఉండాది. కార్డు వేసేస్తావా?" అని రాశాడు. ఆయన ఎడమ జేబు లాంటి మనిషి. చదివి నాకూ ఒక్క క్షణం చేయి కార్డు మీదికి పోయింది.

కానీ ఉత్తరం చివర ఇంకో మాట ఉంది. "అమ్మ పక్కనే కూర్చోని ఉండాది. నీకు ఒక మాట రాయమంటా ఉండాది. తొందర పడొద్దు తల్లీ, బాగా నేర్చుకోని రా అని."

చేయి వెనక్కి తీసుకున్నాను. కల్లావి తోటలో ఈ ఏడు ఆఖరి కాయ ఏ రోజు కోస్తారో కనుక్కుని రాయమని ఆయనకు ఈ పొద్దునే ఉత్తరం వేశాను. సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, పోస్టు డబ్బాలో నేనే వేసి వచ్చాను. కొండ బొమ్మ కార్డు మాత్రం బల్ల మీదే ఉంది.